కొలను దగ్గర ఆగే కంప్యూటర్

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా సులువైనది. షాపువాడు బిగించి ఇచ్చే కొత్త కంప్యూటర్‌ను మామగారు వెళ్ళి తేవాలి. సాయంత్రం బిల్డరు వచ్చినప్పుడు, ఆయన కట్టబోయే అపార్ట్‌మెంటును కోడలు గేటు నుంచి డాబా దాకా తెర మీద తిప్పి చూపించాలి. పునాదైనా తవ్వని ఇళ్ళను కంప్యూటర్లో కట్టి చూపించడం ఆమె వృత్తి. ఇంత పెద్ద పని చేతికి రావడం ఇదే మొదలు. నచ్చితే బిల్డరు పనులన్నీ ఆమెవే, నచ్చకపోతే మళ్ళీ స్నానాల గదుల టైల్స్ బొమ్మలే.

మామగారు కరెంటాఫీసులో మీటరు రీడింగులు తీసి రిటైరైన మనిషి. మీటరు తిరుగుతుంటే ఆయనకు సొంత రక్తం కారిపోతున్నట్టు ఉంటుంది. అలాంటాయనకు షాపులో, ఇంకా బిగించని ఒక పెట్టె మీద వెయ్యి వాట్లు అన్న అక్షరాలు కనిపించాయి.

"ఏమిటయ్యా ఇది?"

"పవర్ సప్లై అండి. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచేది ఇదే."

"వెయ్యి వాట్లా? మేం ఇంట్లో లాండ్రీ పెట్టట్లేదు. చిన్నది లేదూ?"

"నాలుగొందల యాభైది ఉందండి. కానీ మేడమ్ ఏరికోరి ఇదే చెప్పారు. తెర మీద బొమ్మలు గీసే ఆ గ్రాఫిక్స్ కార్డుకి చిన్నది చాలదు."

"కరెంటు సంగతి నాకు చెప్పకు నాయనా," అంటూ మామగారు వదులైన చొక్కా మార్పించినంత తేలిగ్గా దాన్ని మార్పించేశారు. కోడలికి ఎంత మేలు చేశానో అని దారి పొడవునా మురిసిపోయారు.

మధ్యాహ్నం కోడలు కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టి అపార్ట్‌మెంటు తెరిచింది. గేటు, లాబీ, లిఫ్టు, వంటిల్లు వెన్నలా సాగిపోయాయి. డాబా మీది ఈతకొలను రాగానే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కొలను దాకా వచ్చి మళ్ళీ ఆరిపోయింది.

"నీళ్ళూ, నీళ్ళలో ఆకాశం, ఒడ్డున దీపాలూ అన్నీ ఒక్కసారే గియ్యాలి కదా, భారమంతా అక్కడే," అంది కోడలు, కళ్ళనీళ్ళ పర్యంతమై. "మనింట్లో ఓల్టేజీ తక్కువగా ఉందంటారా మామయ్యగారూ?"

మామగారు నిజం చెబుదామనే నోరు తెరిచారు. తీరా బయటికి వచ్చింది మాత్రం "ఉండచ్చమ్మా" అన్న మాట.

అన్నాక ఊరుకుంటే బాగుండదని ఆయన ఇంట్లో ఫ్రిజ్ ఆపేశారు, ఫ్యాన్లు ఆపేశారు, వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేశారు.

"నా దుప్పట్లు సగం సబ్బులో ఉన్నాయి," అన్నారు అత్తగారు.

"కోడలి భవిష్యత్తు ముఖ్యమా, దుప్పట్లు ముఖ్యమా?"

"ఎంత భవిష్యత్తున్నా రాత్రికి దుప్పటి కావాలి."

అయినా కంప్యూటర్ కొలను దాటలేదు. ఆడిన అబద్ధాన్ని కాపాడుకోవాలి కనుక మామగారు పై అంతస్తుకు వెళ్ళి, పరుగు యంత్రం మీద చెమటలు కక్కుతున్న డ్రిల్లు మాస్టారిని బతిమాలారు. "కాసేపు ఆపుతారా మాస్టారూ? కరెంటు కాస్త ఇబ్బందిగా ఉంది."

కరెంటాఫీసులో పనిచేసిన మనిషి స్వయంగా మెట్లెక్కి వచ్చి చెప్పాక మాస్టారు దాన్ని ఉత్త మాటగా ఎలా తీసుకుంటారు? ఆయన పక్కింటికి ఫోన్ చేశారు, పక్కింటావిడ కిందింటికి చేసింది. కాసేపట్లో బిల్డింగు మొత్తానికి ఖాయమైపోయింది, రాత్రంతా కరెంటు ఉండదని. ఇక ప్రతి ఇంట్లో మోటార్లు మోగాయి, గీజర్లు కాగాయి, వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ పెట్టెల కిందికి చేరాయి. చివరికి కింద మీటర్ల బోర్డు దగ్గర ఢామ్మని మోత వినిపించి, బిల్డింగంతా చీకటైపోయింది.

లిఫ్టు లేక నాలుగు అంతస్తులూ ఎక్కి బిల్డరు రొప్పుతూ వచ్చి కూలబడ్డారు. మామగారు కిందికి పరిగెత్తి, వాచ్‌మన్ టార్చి పట్టుకోగా ఫ్యూజు వేసి వచ్చారు. కోడలు గేటు నుంచి చూపించడం మొదలుపెట్టింది. లాబీ చూసి బిల్డరు తలూపారు, వంటిల్లు చూసి నవ్వారు. కొలను అంచు కనిపించింది. కంప్యూటర్ ఆరిపోయింది.

"మళ్ళీ కరెంటు పోయిందా?" అన్నారు బిల్డరు. ఆయన కోసం వేసిన ఫ్యాను నెత్తి మీద గిర్రున తిరుగుతోంది.

కోడలు తల దించుకుంది. అది చూసి మామగారు ఉండబట్టలేకపోయారు. "ఓల్టేజీ కాదమ్మా, నేను. నువ్వు చెప్పిన వెయ్యి వాట్లది మార్పించి నాలుగొందల యాభైది పెట్టించాను. బిల్లు పేలిపోతుందనుకున్నాను."

"వెయ్యి వాట్లంటే అంత తాగుతుందని కాదు మామయ్యగారూ, అంతదాకా ఇవ్వగలదని," అంది కోడలు. "నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా." ఆ మాటలో కోపం లేకపోవడంతో ఆయనకు మరీ సిగ్గేసింది.

"ఒక్క నిమిషం," అన్నారు బిల్డరు. "ఎప్పుడు పెట్టినా కొలను దగ్గరే ఆగుతుందా? అయితే మార్చకండి. ఆ కొలను నేను కట్టట్లేదు. కొనేవాళ్ళు అడుగుతారని బొమ్మలో పెట్టమన్నాను. చూపించబోతుంటే మిషన్ ఆగిపోయిందంటే ఇక నన్నెవరూ తప్పు పట్టరు."

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. పెద్ద పని కళ్ళ ముందు కూర్చుని ఉంది. "కట్టనిది నేను చూపించనండీ," అని కొలను మొత్తం చెరిపేసి, ఆ చోట పచ్చిక పరిచింది. నీళ్ళూ నీడలూ పోవడంతో భారం తగ్గి, అదే కంప్యూటర్ డాబా చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. నేను చెప్పలేదా సరిపోతుందని, అని నోటిదాకా వచ్చిన మాటను మామగారు మింగేసి, రేపే పెద్దది తెస్తానన్నారు.

బిల్డరు గేటు నుంచి మళ్ళీ ఒకసారి తిప్పించుకుని చూశారు. "నేను కట్టేదాన్ని ఉన్నదున్నట్టు చూపించినవాళ్ళు ఇంతవరకూ లేరమ్మా. చూస్తుంటే కట్టేది కూడా బాగానే ఉంది. పనులన్నీ నీవే." కోడలి ముఖం వెలిగిపోయింది. అత్తగారు సబ్బు చేతులతోనే నిలబడిపోయారు.

గుమ్మం దాకా వెళ్ళి బిల్డరు వెనక్కి తిరిగారు. "ఆ పచ్చిక కూడా తీసెయ్యమ్మా. అదీ వెయ్యట్లేదు."