గుడ్డు ఎక్కడికి పోయింది?

ఆ ఉదయం సైన్సు టీచరు ఒకటే నిర్ణయంతో నిద్ర లేచింది. ఈ రోజు తన ప్రశ్నకు తానే జవాబు చెప్పకూడదు.

ఆమెకు అదొక జబ్బు. "మొక్కకు ఎండ ఎందుకు కావాలి?" అని అడుగుతుంది. పిల్లలు ఊపిరి పీల్చుకునేలోపే తానే చెప్పేస్తుంది. పిల్లలకూ అది అలవాటైపోయింది. ఆమె ప్రశ్న అడిగితే చాలు, పెన్నులు పట్టుకుని జవాబు రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంటారు. శిక్షణ తరగతుల్లో మాత్రం గట్టిగా చెప్పారు: ప్రశ్న అడిగాక నోరు మూసుకుని చిరునవ్వుతో ఎదురు చూడాలి. పిల్లలు ఏదైనా చెబితే తప్పనీ ఒప్పనీ అనకుండా "ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడగాలి. ఈ రోజు ఆమె పాఠం చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే సెలవుల తరువాత ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

ముందు ఇంట్లో సాధన చేద్దామనుకుంది. భర్త టీ తాగుతూ కనిపించాడు.

"ఏవండీ, ఈ వంటగది రోజూ ఇలా ఎందుకుంటుందంటారు?" అని అడిగి, నోరు మూసుకుని చిరునవ్వు నవ్వింది.

"ఇలా అంటే... ఎలా?"

ఆమె నవ్వుతూనే ఉంది.

"నిన్న గ్లాసు కడగలేదనా?"

మళ్ళీ నవ్వు.

"పోనీ, మొన్నటిదా?"

"ఎందుకలా అనుకుంటున్నారు?" అని మెత్తగా అడిగి, పద్ధతి బాగా పనిచేస్తోందన్న సంతోషంతో స్నానానికి వెళ్ళిపోయింది.

భర్త ముఖంలో రంగు మారింది. గుమ్మం దగ్గర అంతా వింటున్న అత్తగారు లోపలికి వచ్చింది.

"ఏం చేశావురా?"

"ఏమీ చెయ్యలేదమ్మా!"

"అదే మరి! నేను అరిచినన్నాళ్ళూ మీ నాన్న లెక్కచెయ్యలేదు. ఊరికే నవ్వడం మొదలుపెట్టాకే దారికొచ్చారు. లే, లేచి ఏదో ఒకటి సర్దు."

అతను డబ్బాలన్నీ దించి, తుడిచి, ఎత్తు ప్రకారం వరుసగా పేర్చాడు. ఉప్పు ఎక్కువగా ఉందని పెద్ద డబ్బాలోకి, మైదా కొంచెమే ఉందని నీలం మూత డబ్బాలోకి మార్చాడు. ఆ ఇంట్లో నీలం మూత అంటే ఉప్పే. ఆమె మూత రంగు చూసే డబ్బా తీసుకుంటుందని అతనికి తెలియదు. అతను వంటగదిలోకి వెళ్ళేది టీ గ్లాసు పడేసి రావడానికే.

టీచరు హడావుడిగా వచ్చి, రెండు గుడ్లూ, నీలం మూత డబ్బానూ సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

తరగతిలో ఇన్‌స్పెక్టరు చివరి బెంచీ మీద, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతూ కూర్చున్నాడు. బల్ల మీద నీళ్ళతో రెండు గాజు జాడీలున్నాయి. టీచరు మొదటిదాంట్లో గుడ్డు వేసింది. మునిగింది.

"రెండో జాడీలో బాగా ఉప్పు కలిపి గుడ్డు వేస్తే ఏమవుతుంది?" అని అడిగి, నోరు మూసుకుని చిరునవ్వు నవ్వింది.

పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురు చూశారు. ఆమె ఎదురు చూసింది. వాళ్ళు ఇంకా వినయంగా ఎదురు చూశారు.

కిటికీ బయట నిలబడ్డ హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి. భయంతో ఈవిడకు మాట పడిపోయిందనుకున్నాడు. గబగబా లోపలికి వచ్చి, "ఏమీ అనుకోకండి సార్, మా టీచరుకు రాత్రి నుంచి గొంతు పోయింది. ఇందాకటి ఆ రెండు ముక్కలే కష్టం మీద అంది" అన్నాడు.

"అయ్యో! అయితే ఇంకేమీ మాట్లాడకండమ్మా. చేసి చూపించండి చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు జాలిగా.

టీచరు నోరు తెరవబోయింది. హెడ్మాస్టరు కళ్ళు ఉరిమాడు. మూసుకుంది.

చేసేది లేక, ఇన్‌స్పెక్టరు వైపే చూస్తూ డబ్బా మొత్తం రెండో జాడీలో కుమ్మరించి, గరిటెతో తిప్పి, గుడ్డు వేసింది. తేలుతున్న గుడ్డును చూపిద్దామని తల వంచి చూస్తే జాడీ నిండా పాలలాంటి నీళ్ళు. గుడ్డు లేదు.

ఆమె జాడీ చుట్టూ తిరిగి చూసింది. కిందికి వంగి చూసింది. ఆ జాడీలో ఏం జరిగిందో ఆమెకు నిజంగానే తెలియదు. రెండు చేతులూ చాచి, కనుబొమలు ఎత్తి, పిల్లల వైపు చూసింది.

టీచరుకు తెలియని జవాబు ఒకటి ఉందని పిల్లలకు ఆ రోజే తెలిసింది. పెన్నులు కింద పడ్డాయి.

"కరిగిపోయింది!"

"గుడ్డు కరుగుతుందేంట్రా, నీ మొహం!"

"అసలు వేశారంటావా?"

"నేను చూశా, వేశారు!"

ఎవరికీ వినబడకుండా నడుస్తుందని అందరూ పిల్లి అని పిలిచే అమ్మాయి జాడీ దగ్గరకు వచ్చి నిలబడింది. ఆ ఏడాదిలో ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు. చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి, "మీరేమంటారు సార్?" అని నేరుగా ఇన్‌స్పెక్టరునే అడిగింది.

"నేనా? గుడ్డు అడుగునే ఉండి ఉంటుంది. ఉప్పు చాల్లేదు."

"ఎందుకలా అనుకుంటున్నారు?"

తరగతి మొత్తం నోరు మూసుకుని ఆయన వైపు చూసింది. కొందరు చిరునవ్వు కూడా నవ్వారు. ఇన్‌స్పెక్టరు దగ్గాడు. కాలరు సర్దుకున్నాడు. చివరికి గడియారం తీసి జేబులో వేసుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, జాడీలో చెయ్యి పెట్టి గుడ్డును పైకి తీశాడు. చప్పట్లు మోగాయి.

"అడుగునే ఉంది, చూశారా!"

"ఉంది సార్. కానీ ఉప్పు చాలక కాదు" అంది పిల్లి. "ఉప్పయితే ఇంతసేపటికి కరిగేది. ఇది అడుక్కి దిగుతోంది. ఇది ఉప్పే కాదు."

ఇన్‌స్పెక్టరు వేళ్ళు రుద్దుకుని, వాసన చూసుకున్నాడు. "మైదా!" అని అరిచి, పడీపడీ నవ్వాడు. "ఏమమ్మా, ఉప్పు చోట మైదా తెచ్చారా! ఏమీ తెలియనట్టు భలే నిలబడ్డారు! ఒక్క మాట చెప్పకుండా ఇందరి చేత మాట్లాడించారు!"

"అది కాదు సార్, నేను..."

"గొంతు, గొంతు!" అన్నాడు హెడ్మాస్టరు.

గంట కొట్టేసరికి ఆమె ఉద్యోగం ఖాయమైపోయింది. దానితోపాటు, చుట్టుపక్కల బడుల టీచర్లందరి ముందు ఇదే పాఠం, ఇదే అమాయకపు ముఖంతో మళ్ళీ చెప్పి చూపించాలన్న ఆజ్ఞ కూడా వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త ఎదురొచ్చాడు. "డబ్బాలు సర్దాను, చూశావా? ఏమైనా పనికొచ్చిందా?"

తిట్టాలో, దండం పెట్టాలో ఆమెకు తెలియలేదు. నోరు మూసుకుని చిరునవ్వు నవ్వింది.

అతను మారుమాట్లాడకుండా వెళ్ళి, బట్టల బీరువా సర్దడం మొదలుపెట్టాడు.