చక్రధరుడు గార్డు తాబేలును గెలిచిన గాథ

రండమ్మా, దగ్గరికి జరగండి. బియ్యం చాట పక్కన పెట్టండి, ఫోను బోర్లించండి, వక్కాకు ఉన్నవారు నాకూ ఒక మడుపు ఇవ్వండి. నోరు పండితే గాని పలకని గాథ ఇది, చెవి ఇటు పడవేస్తే గాని ఎక్కని గాథ.

తుంగభద్ర కాలువ నీళ్లు తాగి మిరపచేలు ఎర్రబడు సీమలో, ఇనుపరాతి ధూళి గాలిలో కలిసి ఆకాశమునకే కుంకుమ దిద్దు దేశమున, కోటను కిరీటముగా ధరించిన రాతికొండ నీడను కాపురముండు బళ్లారి పట్టణమున, కంటోన్మెంటు రైలుగేటు గంట వినబడునంత దూరమున, మాఘమాసము ముగియవచ్చి ఇంటింటా ఫ్యాన్లు మేలుకొన్న దినములలో ఒక మహావీరుడు వెలసియుండెను.

ఆయన పేరు చక్రధరుడు. తాత మడక దున్నినాడు, తండ్రి ట్రాక్టరు తోలినాడు, తాను పన్నెండు లారీలకు అధిపతియైనాడు. ఘనశ్మశ్రుశోభితుడు, డీజిలుగంధవిలేపనుడు, ఆమడ దూరమున గాలి తగ్గిన టైరును కంటితోనే పసిగట్టు సూక్ష్మదృష్టిసంపన్నుడు. అట్టివాని హృదయసింహాసనము మీద కొలువైనది పొలమా? కాదు. బంగారమా? కాదు. బొమ్మ రైలు.

నవ్వకండమ్మా. మీ ఆయన క్రికెట్టు చూసి కళ్లు తుడుచుకున్నప్పుడు నేను నవ్వితినా?

వెనుకటికి టీవీలో కిలకిల రైలు అని ఒక బొమ్మల ఆట వచ్చేది. అందులోని జంతువులను ఒక్కొక్క పెట్టె మీద చిత్రించి, అరచేతిలో ఇమిడే రేకు రైళ్లు చేసి అమ్మినారు. మొదటి పెట్టెను చక్రధరుడు కూతురు యశస్విని కోసమే కొన్నాడు. ఆ పిల్ల పెరిగి ఇంజనీరింగు చదువుకు పోయింది గాని రైలు మాత్రం తండ్రిని పట్టుకొని వదలలేదు. తుమ్ములమారి ఏనుగు ఇంజను, కళ్లజోడు కప్ప, నిద్రమొగము మొసలి, పిలక కోడిపుంజు, ఇట్లు ఏడు పెట్టెలు ఏడు జాతరలలో, ఏడు బస్టాండులలో ఆయన చెరపట్టి తెచ్చినాడు. ఎనిమిదవది మాత్రము దొరకలేదు. ఎర్ర టోపీ పెట్టుకొని పచ్చజెండా పట్టిన గార్డు తాబేలది. వినండి, కీలకమంతా ఇక్కడే ఉంది. ముందున్న ఏనుగుది పై పటాటోపమే. రైలును నడిపే యంత్రము, సెల్లులు వేసే అర, నొక్కే మీట, అన్నీ గార్డు తాబేటి పెట్టె అడుగుననే ఉంటాయి. వెనుకనుండి తాబేలు తోస్తే తప్ప ఏడు పెట్టెలు అంగుళమైనా కదలవు. పదకొండేండ్లు, అమ్మా. పదకొండేండ్లు ఆ రైలు అద్దాల బీరువాలో కదలక మెదలక నిలిచియుండెను.

కనుక ఆయన లారీ డ్రైవర్లందరికీ ఒక ఆజ్ఞ ఉండేది: పోయిన ప్రతి ఊరిలో ఇనుపరాయి దించిన తరువాత బొమ్మల అంగడి చూడవలెను. అట్లు వెతకగా వెతకగా డ్రైవరు హొన్నప్ప మంగళూరు రేవు దగ్గర ఒక పాత అంగడిలో ఆ తాబేలును కనుగొని, మంగళవారం మధ్యాహ్నము తెచ్చి యజమాని అరచేత పెట్టినాడు. చక్రధరుని మీసము వణికెను. అయినను మంగళవారము ఏదీ మొదలుపెట్టరాదు, బుధవారము అష్టమి, కాబట్టి గురువారం పొద్దున ముహూర్తము పెట్టి, ఎర్రధూళి పడకుండ తాబేలును ఒక పచ్చ రవికె గుడ్డలో మడిచి, బట్టల బీరువాలోని గుడ్డల దొంతర మీద భద్రముగా ఉంచినాడు.

ముహూర్తబలమెంత గొప్పదో గాని దొంతరబలము అంతకన్న గొప్పది. ఆ దొంతర, ఇంటికి వచ్చిన ముత్తయిదువకు ఒడి నింపి పంపేటందుకు ఆయన భార్య అనూష దాచుకొన్న గుడ్డల దొంతర.

గురువారము తెల్లవారెను. స్నానము చేసి, కొత్త సెల్లులు రెండు జేబులో వేసుకొని, నడవలో పట్టాలు గుండ్రముగా పరిచి, ఏడు పెట్టెలు నిలిపి, చక్రధరుడు బీరువా తెరిచెను. పచ్చ గుడ్డ లేదు.

“అనూషా, ఈడ పైన పెట్టిన పచ్చ గుడ్డ యాడ?”

“అదా? నిన్న మీ అత్తమ్మ ఊరికి పోయేటప్పుడు ఒడి నింపినా కదప్పా. ఐదు దోసిళ్ల బియ్యం, కొబ్బరి గిన్నె, ఆకూ వక్కా, ఆ గుడ్డ.”

“దాంట్లో నా తాబేలు ఉండాది.”

“గుడ్డలో తాబేలు పెట్టేవాళ్లు ఉంటారని నాకేం తెలుసు?”

వజ్రాహతమైన పర్వతమువలె ఆయన మంచము మీద కూలబడెను. అత్తమ్మ అనగా చక్రధరుని మేనత్త సుబ్బరత్నమ్మ. ఊరు రూపనగుడి. దుర్గమ్మ దర్శనానికి వచ్చి రెండు దినాలుండి పోయింది.

“ఫోను చేసి అడుగుతా,” అన్నాడు.

అనూష చేతిలోని చెంబు కింద పెట్టింది. “అడిగినావంటే చూడు. ఒళ్ళో పోసింది తిరిగి అడిగితే ఇచ్చినదానికే కీడంటారు. ఇచ్చింది నేను. నీ తాబేలు కోసరం నా పసుపుకుంకాలు పణం పెడతావా?”

“నీ పసుపుకుంకాలంటే నేనే కదా.”

“అందుకే చెప్తాండా.”

అప్పుడు ఆ ధీరోదాత్తుడు, పితృవంశమును, లారీవంశమును సాక్షిగా నిలిపి, కుడిచేయి మీసముమీద వేసి ప్రతిజ్ఞ చేసినాడు: “నోరు తెరిచి అడగను. అడగకుండా, కాజేయకుండా, పొద్దు కుంకే లోపల నా తాబేలును ఇంటికి తెస్తా. తేలేదా, ఈ ఏడు పెట్టెలూ పాతసామాన్లవానికి వేసేస్తా.”

“ఆయ్తు, సరే, నేనూ వస్తా పా,” అన్నది అనూష. “పెట్టెలు పోతే పోనీ, నువ్వు ఇంకో పదకొండేండ్లు మొగం వేలాడేసుకొని తిరిగితే చూడలేను.”

కారు మరమ్మతుకు గ్యారేజీలో ఉండెను, లారీ ఒకటి ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నము దాటెను. కాబట్టి పద్నాలుగు చక్రముల మహారథమును, అనగా ఖాళీ లారీని, చక్రధరుడే స్వయముగా అధిరోహించి, సహధర్మచారిణిని పక్కన కూర్చుండబెట్టుకొని, హారనును శంఖముగా పూరించి, గుంతలను లోయలుగా, ఎదురు ట్రాక్టర్లను ఏనుగుల బారులుగా, రోడ్డు మీది మేకలను మాయారాక్షసులుగా దాటుచు, గంటసేపు ప్రయాణము చేసి రూపనగుడి చేరెను.

సుబ్బరత్నమ్మ వాకిట మిరపకాయలు తిరగేస్తూ ఉండినది. డెబ్బై రెండేండ్లు, ఎనభై ఎకరాల పెత్తనము, ఊరి పెద్దమనుషులు కూడా తల గోక్కొని మాట్లాడే మనిషి.

“నిన్ననే కదా వచ్చినా? అప్పుడే నా మీద ప్రేమ పొంగిందేందప్పా, లారీ ఏసుకొని వచ్చినావు?”

“సుమ్నే, ఊరికే వచ్చినామత్తా. చూసి పోదామని.”

“నువ్వు సుమ్నే వచ్చేవానివి కాదు. రా, కాళ్లు కడుక్కో. మొదట దేవునికి దండం పెట్టు. కొత్త దేవుడు వచ్చినాడు.”

దేవుని గూటిలో, లక్ష్మీదేవి పటమునకు ముందు, పచ్చ రవికె గుడ్డ ఆసనముమీద, నొసట కుంకుమతో, టోపీ మీద కనకాంబరము పువ్వుతో గార్డు తాబేలు వెలుగుచుండెను. శత్రువు కోటలో చిక్కినవానిని విడిపించవచ్చును, పూజలో చిక్కినవానిని ఎట్లు విడిపింతురు?

“కూర్మావతారమప్పా,” అన్నది సుబ్బరత్నమ్మ. “గుడ్డ మడత విప్పితే స్వామి. ఒళ్ళోకి తానే వచ్చినాడు.”

“దానికి చక్రాలుండాయి కదత్తా.”

“రథం మీద వచ్చినాడు.”

“టోపీ పెట్టినాడే?”

“కిరీటం.”

“చేతిలో పచ్చజెండా?”

“అది జెండా కాదు, అభయహస్తం. నీ కళ్లకు జెండా మాదిరి కనబడితే పాపం నీది.”

ఇట్లు మూడు బాణములు వేసి, మూడును తనకే తిరిగి గుచ్చుకొనగా, వీరుడు నిట్టూర్చి చుట్టూ చూచెను. అడగరాదు. కాజేయరాదు. సూర్యుడు సంగనకల్లు గుట్టల వైపు వాలుచున్నాడు. అనూష నేల చూస్తూ కొంగు కొసను వేలికి చుట్టుకుంటున్నది. ఆ క్షణమున ఆయన మెదడులో, లారీ హెడ్‌లైటు వెలిగినట్లు, ఒక యుక్తి వెలిగెను.

“అత్తా, స్వామి మీద ఎర్రధూళి పడిందే. తుడిచి పెడతా. అంతవరకు నువ్వు అనూషకు ఒడి నింపు, మేము పొద్దుండగానే పోవాల.”

“తుడువప్పా. పుణ్యం.”

సుబ్బరత్నమ్మ బియ్యానికి లోపలికి పోయెను. అంతట ప్రారంభమైనది ఘోరసంగ్రామము. చక్రధరుడు గూటికి ఎదురుగా, వాకిలికి వెన్ను చూపి నిలిచి, తాబేటిని ఎడమచేత పట్టి, గోటిని గదగా చేసి అడుగు మూతను పొడిచెను. మూత రాలేదు. స్టీరింగు తిప్పి కాయలు కాచిన ఆ మహాంగుష్ఠము ఆవగింజంత కొక్కి మీద జారెను, మరల జారెను, మూడవసారి గోరు విరిగెను. రక్తబిందువు ఒకటి కుంకుమలో కలిసిపోయెను. నాలుగవసారి మూత టప్పున ఎగిరి ఎక్కడనో పడెను. మొదటి సెల్లు వేసెను. రెండవది వేసెను. మీట నొక్కెను. తాబేలు మౌనము వహించెను. ఒకటి తలకిందులైనదని తెలిసి, చెమట కన్నులలోకి కారుచుండగా, తీసి, తిప్పి, మరల వేయునంతలో లోపలి గదిలో చాట చప్పుడైనది. చక్రధరుడు సెల్లులు రాలిపడకుండ వేలితో అదిమి, తాబేటిని పచ్చ ఆసనము మీదనే వాకిలివైపు మొగము చేసి నిలిపెను.

సుబ్బరత్నమ్మ వచ్చి, గూటి కిందనే పీట వేసి, అనూషను కూర్చోబెట్టినది. కొంగు పట్టిన అనూష ఒడిలో ఐదు దోసిళ్ల బియ్యము పోసినది. ఆకు, వక్క, కొబ్బరి గిన్నె, బెల్లపు అచ్చు, ఎర్ర గుడ్డ.

“నేనూ స్వామి పాదాలకు మొక్కుకుంటానత్తా,” అన్నాడు చక్రధరుడు. వంగి, తాబేటి కడుపు కింద వేలు పెట్టి, మీట నొక్కినాడు.

బుర్రుమన్నది. పదకొండేండ్ల మౌనమును చీల్చుకొని, కుంకుమబొట్టు అదరగా, కనకాంబరము ఎగిరిపడగా, గార్డు తాబేలు పచ్చ ఆసనము దాటి, ఇత్తడి దీపమును ఒరుసుకొని, గూటి అంచున ఒక్క నిమేషము తటపటాయించి గాలిలోకి ఉరికెను. అప్పుడు ఏం చేసిందనుకున్నారు అనూష? పదకొండేండ్లు ఆ రైలును తిట్టుకొన్న అనూష, బియ్యము చెదరకుండ, ముందుకు జరిగి కొంగు చాచింది. తాబేలు బియ్యములో పడి, వెల్లకిలా తిరిగి, నాలుగు చక్రాలూ ఆకాశమునకు చూపి గిరగిర తిప్పుచుండెను.

ముగ్గురూ ఒడిలోకి వంగి చూచిరి. చక్రాలు ఇంకను తిరుగుచునే ఉండినవి.

“ఒళ్ళో పడిందత్తమ్మా,” అన్నది అనూష మెల్లగా.

“పడింది. ఒళ్ళో పడింది అడగరాదు. నీదేలేమ్మా.” సుబ్బరత్నమ్మ నడుము మీద చేయి వేసుకొని మేనల్లుని ఎగాదిగా చూచెను. “సెల్లులు యాడ దొరికినాయప్పా? నిన్న సాయంత్రం నుంచి ఊళ్లో అన్ని అంగళ్లూ తిరిగినా. ఆ సైజు లేదన్నారు.”

చక్రధరుడు నిలువునా నీరైపోయెను. “నీకు తెలుసా అత్తా, ఇది బొమ్మ అని?”

“ఎనభై ఎకరాలు సాగు చేసేదానికి బొమ్మకూ దేవునికీ తేడా తెలియదా? గుడ్డ విప్పినప్పుడే అనుకున్నా, ఇది చక్రధరుని పోగులోదని. అడుగుతావేమో, అడిగితే ఎన్ని తిట్లు తిట్టాలో అని తయారుగా ఉండినా. అడగకపోతివి.”

“మరి పువ్వెందుకు పెట్టినావు?”

“నాకు నచ్చింది. నచ్చినదానికి పువ్వు పెడతా. ఏం, నీవు బీరువా కట్టించలేదా?” ఆమె చెప్పులు వెతుక్కొంటూ, “మూత ఆ గాదె కింద పడింది, తీసుకో. నేనూ వస్తాండా. ఇది తిరిగేది నేను చూడాల,” అని లారీ ఎక్కడానికి పీట తెమ్మన్నది.

ముగ్గురూ బళ్లారి చేరేటప్పటికి పొద్దు ఇంకా గోడ మీద ఉండెను. నడవలో పట్టాల మీద ఏనుగు మొదలు తాబేలు వరకు ఎనిమిది పెట్టెలు కొక్కెములు కలిపి నిలిచినవి. మీట నొక్కే హక్కు ఎవరిదని చర్చ వచ్చినది.

“తాబేలు ఇప్పుడు నీది,” అన్నాడు చక్రధరుడు భార్యతో.

అనూష నొక్కింది. ఏనుగు కదిలెను, కప్ప కదిలెను, మొసలి నిద్ర వదిలెను. జయజయధ్వానముల నడుమ, అనగా సుబ్బరత్నమ్మ దగ్గుల నడుమ, ఆ కిలకిల మహారైలు తలుపు వారగా, కుర్చీ కింద, చెప్పుల గూడు ఎదుటనుండి ఒక చుట్టు, సరిగ్గా ఒకే ఒక చుట్టు సంపూర్ణముగా తిరిగి, రెండవ చుట్టున పట్టా తప్పి మంచము కోడు తగిలి పక్కకు పడిపోయెను.

ఒక చుట్టమ్మా. పద్నాలుగు చక్రాల లారీ, విరిగిన గోరు, భీకర ప్రతిజ్ఞ, అన్నీ కలిపి ఒక్క చుట్టు. విజయమది, దిగ్విజయమది. చూచినవారు ముగ్గురే గనుక దానిని నిలబెట్టే భారము మన మీద ఉన్నది. వింటిరి కదా, మరువకండి. రేపు బోరింగు దగ్గర బిందె నిండేలోపల పక్కామెకు చెప్పండి. చెప్పేటప్పుడు చుట్టు ఒకటే అని చెప్పండి. రెండు చుట్లు తిరిగిందని ఎవరైనా అంటే, వారు అక్కడ లేరని నేనన్నానని చెప్పండి.