అరమాత్ర మహిమ

డాక్టరు రాసిన మాత్రను పూర్తిగా మింగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు సగంలో ఉన్న సుఖం తెలియదు!

నేను ఏడో తరగతి తప్పినదాన్ని. భాగహారం బీపీ మాత్ర దగ్గరే నేర్చుకున్నాను. కత్తిపీట మీద పెట్టి నొక్కితే మాత్ర రెండవుతుంది. ఎప్పుడూ సమానంగా తెగదు. పెద్ద ముక్క ఆదివారానికి దాస్తాను. మా పాస్టరుగారి ప్రసంగం పొడవు. చిన్న ముక్క సోమవారం, రొయ్యల షెడ్డులో పనికి వెళ్లేముందు.

భయం లేదా అంటారా? నా అంత భయస్తురాలు ఈ చుట్టుపక్కల లేదు! మా అమ్మాయి జెస్సీ ఈమధ్యే కైకలూరులో చేపల మేత కొట్టులో చేరింది. సాయంత్రం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, బస్సు కొల్లేట్లో పడిందని ఎస్టీడీ బూతుకు పరిగెడతాను.

అంత భయంలోనూ మాత్ర సగమే. నేను కొనగలిగేది పదిహేను రోజులకే. మిగతా పదిహేను రోజులూ బీపీ సెలవు పెట్టదు కదా!

మా షెడ్డు యజమాని వెంకట్రాజుగారి చెరువులో రొయ్యకు నలతగా ఉంటే మందు పూట తప్పదు. సగం వేసి సరిపెట్టుకోమని రొయ్యకు ఎవరూ చెప్పరు.

డాక్టరుగారు నెలనెలా అడిగేవారు, రోజూ వేసుకుంటున్నావా అని. వేసుకుంటున్నానండి అనేదాన్ని. అబద్ధమేం కాదు! బీపీ దిగకపోయేసరికి ఆయన మాత్ర బలం రెట్టింపు చేశారు. నేను దాన్నీ సగం చేశాను. బీపీ దిగింది! ఆయన తన వైద్యాన్ని మెచ్చుకున్నారు, నేను నా కత్తిపీటను.

కొంప ముంచింది జెస్సీ. మొదటి జీతంతో నెలకు సరిపడా మాత్రలు తెచ్చి, కత్తిపీట దాచేసి, ఎదురుగా కూర్చుని పూర్తి మాత్ర మింగించింది. మూడో రోజున షెడ్డులో, ఐసు పెట్టెల మధ్య కళ్లు తిరిగి పడ్డాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు విన్న పాపానికి!

జెస్సీ ఆయన ముందు అంతా కక్కేసింది. ఆయన మండిపడ్డారు.

"సగమే వేసుకుంటున్నానని ముందే చెప్పాలి కదమ్మా."

"వేసుకుంటున్నావా అన్నారు గానీ, కొనుక్కోగలుగుతున్నావా అని ఎప్పుడూ అడగలేదండి."

 ఆయన చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాశారు. చవక మందేమోనని సంతోషించాను. బయటికొచ్చాక జెస్సీ చదివి చెప్పింది: 'పేషెంటుకు అవగాహన లేదు.'

ఆ మాట మాత్రం పూర్తిగానే మింగాను. దాన్ని సగం చేసే కత్తిపీట మా ఇంట్లో లేదు.