ఆరోగ్యం తప్పనిసరి

ఆ సోమవారం నుంచి పాఠశాలలో ఆరోగ్యం తప్పనిసరి అయింది. అంతకుముందు అది ఎవరిష్టం వాళ్లదిగా ఉండేది. కొందరు పిల్లలకు ఉండేది, కొందరికి ఉండేది కాదు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ అరాచకానికి ఇకమీదట తావులేదని ప్రిన్సిపాల్ గారు ఉదయం మైకులో ప్రకటించారు.

"కౌమారమంటే పచ్చిమట్టి. ఈ వయసులో ఎలా మలిస్తే అలా మిగిలిపోతారు," అన్నారామె. "కనుక ఈ రోజు నుంచి మీరందరూ ఉత్సాహంగా, చురుగ్గా, ఆరోగ్యంగా ఉండవలసిందిగా ఆదేశిస్తున్నాను. ఉండనివారి తల్లిదండ్రులు వచ్చి నన్ను కలవాలి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకంటే డ్రిల్లు మాస్టారు కొట్టమని సైగ చేశారు.

ఆ మధ్యాహ్నమే ఆరోగ్య సంఘం ఏర్పడింది. సభ్యులను అనుభవాన్ని బట్టి ఎంపిక చేశారు. ప్రిన్సిపాల్ గారికి రక్తపోటు, లెక్కల మాస్టారికి మధుమేహం, సైన్సు టీచరుకు నిద్రలేమి. ఇలా తలా ఒక శాఖలో లోతైన పరిజ్ఞానం ఉంది. డ్రిల్లు మాస్టారు సిగరెట్లు కాలుస్తారు గనుక అలవాట్ల సంగతి ఆయనకే బాగా తెలుస్తుందని కార్యదర్శిని చేశారు. తొలి సమావేశం కేకులతోనూ కూల్ డ్రింకులతోనూ చాలాసేపు సాగింది. పిల్లలకు ఆదర్శంగా ఒక ఆరోగ్యవంతమైన విద్యార్థిని చూపించాలని తీర్మానమైంది. అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారేమో వెతకమని ఒక నర్సును పిలిపించారు.

నర్సు ప్రతి తరగతికీ వెళ్లి పిల్లల కళ్లు చూసింది, నాలుకలు చూసింది, నాడి పట్టుకుంది. చివరికి తొమ్మిదో తరగతిలో కిటికీ పక్క బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి దగ్గర ఆగిపోయింది. పద్నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో చిట్టి అంటారు. తండ్రికి మందుల షాపు ఉంది, తల్లి ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. పిల్లకు తలనొప్పి లేదు, కళ్ల కింద నలుపు లేదు, కడుపులో మంట లేదు. నర్సుకు నమ్మకం కుదరక మళ్లీ పరీక్ష చేసింది. అయినా ఏమీ దొరకలేదు.

చిట్టిని సంఘం ముందు నిలబెట్టారు.

"నీ పద్ధతేంటో చెప్పమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పద్ధతేం లేదు మేడం. ఆకలేస్తే తింటాను. నిద్రొస్తే పడుకుంటాను."

"వ్యాయామం?"

"నడిచొస్తాను మేడం. మా నాన్న స్కూటర్ ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుంది."

సంఘానికి ఈ జవాబులు నచ్చలేదు. శాస్త్రీయంగా లేవు. ఆకలేస్తే తినమని చెప్పడానికి వారోత్సవాలు ఎవరు జరుపుతారు? చివరికి చిట్టికి మంచి అలవాట్లున్నా అవి ఒక క్రమశిక్షణ లేకుండా పెరిగాయని, వాటిని పద్ధతిలో పెట్టవలసి ఉందని తేల్చారు. ఆమెకు 'ఆరోగ్యదూత' అని బిరుదు ఇచ్చి, మెడలో ఆకుపచ్చ పట్టీ వేశారు.

ఇంట్లో ఆ సాయంత్రం హడావుడి అంతా ఇంతా కాదు. పిల్ల ఆరోగ్యంగా ఉందన్న సంగతి తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది. అంతవరకూ ఏ ఫిర్యాదూ లేకపోవడంతో వాళ్లు ఆ వైపు చూడనేలేదు. తండ్రి ఇరుగుపొరుగుకు ఫోన్లు చేశాడు. నానమ్మ అద్దం తెప్పించుకుని తల దువ్వుకుంది, ఫోటోగ్రాఫరు ఎప్పుడైనా రావచ్చునని.

"దూత అంటే జీతం కూడా ఉంటుందా?" అని అడిగింది.

"గౌరవం ఉంటుందమ్మా," అన్నాడు తండ్రి.

"ఓహో. జీతం లేదన్నమాట," అంది నానమ్మ. అయినా దువ్వుకోవడం ఆపలేదు.

మర్నాటి నుంచి చిట్టి అలవాట్లను పద్ధతిలో పెట్టడం మొదలైంది. ఆరోగ్యదూత దుమ్ములో నడిచి రావడం బాగుండదని స్కూలు బస్సు పంపారు. బస్సు ఊరంతా తిరిగి రావాలి గనుక చీకటితోనే లేవాలి. అంత పొద్దున్నే లేచి స్కూలుకు చేరితే, అక్కడ మైదానం చుట్టూ నడక కార్యక్రమం ఉండేది. ఇన్నాళ్లూ చిట్టి పక్కింటి పిల్లతో కలిసి, బేకరీ ముందు కాసేపు ఆగి వాసన పీల్చుకుని, దర్జీ కొట్టు అద్దంలో జడలు చూసుకుని, ఎవరి లెక్క కరెక్టో పోట్లాడుకుంటూ నడిచేది. దాన్ని నడక అంటారని ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. డ్రిల్లు మాస్టారు కుర్చీలో కూర్చుని, ఈల వేస్తూ, చేతులు ఎంత ఎత్తున ఊపాలో నేర్పారు.

అలవాట్లు పదిమందికీ కనిపించకపోతే వాటివల్ల ప్రయోజనం లేదు కాబట్టి సంఘం ఆమెకు ఒక ఫోన్ కొనిచ్చింది. పిల్లలు ఫోన్లకు దూరంగా ఉండాలన్న ఆమె సందేశాన్ని ఆ ఫోన్లోనే రికార్డు చేసి, అందరి ఫోన్లకూ పంపించారు. ఆపైన నీళ్లు తాగడం, పండు కొరకడం, పళ్లు తోముకోవడం, నవ్వడం, అన్నీ వీడియోలయ్యాయి. మధ్యాహ్నం డబ్బా తెరవగానే సైన్సు టీచరు వచ్చి, వెలుతురు సరిగా లేదని డబ్బాను కిటికీ దగ్గరికి, అక్కణ్నుంచి వరండాలోకి మార్పించేది. ఫోటో కుదిరేసరికి గంట కొట్టేవారు. సమతులాహారం గురించి ఆ వారం వచ్చిన ఫోటోలన్నిటిలోకీ చిట్టిదే బాగుందని మెచ్చుకున్నారు. అందులోని అన్నాన్ని ఎవరూ తినలేదన్న సంగతి ఫోటోలో తెలియదు.

అన్నిటిలోకీ పేరు వచ్చింది నిద్ర వీడియోకు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే చిట్టి పక్క మీద పడుకుని, దుప్పటి కప్పుకుని, "మిత్రులారా, నేను పడుకుంటున్నాను, మీరూ పడుకోండి" అని చెప్పి కళ్లు మూసుకునేది. పక్కన నానమ్మ కూర్చుని, అవసరం లేకపోయినా, జోకొట్టేది. ఫోన్ కట్టేయగానే తల్లి దుప్పటి లాగేసేది.

"లే, లే. మూడు రోజుల హోంవర్కు అలాగే ఉంది."

చిట్టి లేచి కూర్చునేది. పొద్దున బస్సు వచ్చేలోగా ఎప్పుడో ఒకప్పుడు నిజంగా పడుకునేది. దాన్ని ఎవరూ వీడియో తియ్యలేదు.

రెండు నెలలు గడిచాయి. పాఠశాల పేరు పేపర్లో వచ్చింది. పిల్లలందరి ఆరోగ్యం గణనీయంగా మెరుగుపడిందని ప్రిన్సిపాల్ గారు పై అధికారులకు నివేదించారు. అనారోగ్యంగా ఉన్నామని చెప్పినవారికి మార్కులు తగ్గిస్తామన్నాక ఒక్క పిల్ల కూడా జ్వరమని ఇంటికి వెళ్లలేదు. జలుబు పూర్తిగా నిర్మూలమైంది. పిల్లలు చీదడం మాత్రం మానలేదు.

చిట్టికి ఆకలి ఎప్పుడు వేస్తోందో తెలియకుండా పోయింది. నవ్వమన్నప్పుడు నవ్వీ నవ్వీ, నవ్వొచ్చినప్పుడు ముఖం బిగుసుకుపోయేది. కణతల దగ్గర ఏదో తడుతున్నట్టు ఉండేది. ఒకరోజు వంటింట్లో తల్లి పక్కన నిలబడింది.

"అమ్మా, తల నొప్పెడుతోంది."

తల్లి గరిటె పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. "ఆరోగ్యదూతవి, నీకు తలనొప్పేంటే? ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. పైవారం స్కూల్లో పెద్ద సభ ఉంది. అదయ్యాక నొప్పెట్టనీ."

తండ్రి షాపు నుంచి మాత్రలు తెచ్చిచ్చాడు. తలనొప్పికి ఒకటి, అది వేసుకుంటే వచ్చే కడుపు మంటకు ఒకటి, ఈ రెండిటివల్లా పోయే ఉత్సాహానికి ఒక ఎర్రని టానిక్కు. ఆ టానిక్కు సీసాలను ఆయన చిట్టి ఫోటో కింద వరసగా పేర్చాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. ఆరోగ్యదూత ఆ టానిక్కు తాగుతున్న మాట నిజమే.

సభకు రెండు రోజుల ముందు చిట్టి ధైర్యం చేసి డ్రిల్లు మాస్టారిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన బస్సు షెడ్డు వెనక సిగరెట్ కాలుస్తున్నారు. ఆమెను చూసి చేతిని వెనక్కి పెట్టుకున్నారు. పొగ మాత్రం ముందుకే వచ్చింది.

"మాస్టారూ, నేను మానేస్తాను."

"ఏం మానేస్తావు తల్లీ?"

"ఇవన్నీ. నాకు ఓపిక లేదు."

మాస్టారు చెడ్డవారు కాదు. ఆమె ముఖం చూసి కొంచెం నొచ్చుకున్నారు కూడా. "చూడు తల్లీ, ఒకసారి పట్టుకున్నాక మానడమంటే మాటలు కాదు. నేను ఇరవై ఏళ్లుగా మానేస్తూనే ఉన్నాను," అన్నారు. "పైగా సభకు పై అధికారుల్లో పెద్దాయన వస్తున్నారు. ఆయన వెళ్లాక చూద్దాం. ఉపన్యాసం కంఠతా వచ్చిందా?"

"వచ్చింది."

"దేనిమీద ఇచ్చాం నీకు?"

"నిద్ర మీద, మాస్టారూ."

సభ రోజు పెద్దాయన రావడం ఆలస్యమైంది. మరో పాఠశాలలో మితాహారం మీద ఏర్పాటు చేసిన విందు ఇంకా ముగియలేదని కబురు వచ్చింది. అంతవరకూ పిల్లలను మైదానంలో ఎండలో నిలబెట్టారు. ఎండ ఎముకలకు మంచిదని సైన్సు టీచరు వేదిక మీది గొడుగు కింద నుంచి మైకులో వివరించింది. మైదానం పక్కన బల్లల మీద గాజు గ్లాసుల్లో నీళ్లు నింపి ఉంచారు. అవి తాగడానికి కాదు. పెద్దాయన వచ్చాక అందరూ ఒకేసారి తాగే కార్యక్రమం ఉంది.

వచ్చాక పెద్దాయన ముందు మాట్లాడారు. "యువతరమా," అన్నారు, కూర్చున్నచోటు నుంచే. "శరీరమే సంపద. కదలండి. కదలని మనిషి నిలవనీరు లాంటివాడు. నన్ను చూడండి, ఈ వారంలో ఇది పదకొండో సభ. కారు దిగిందే లేదు." చప్పట్లు మోగాయి. ఆయన అలసటగా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

తర్వాత చిట్టిని పిలిచారు. ఆకుపచ్చ పట్టీ సర్దుకుని మైకు ముందుకు వచ్చింది. ఎదురుగా తెల్లని ఎండ, వరసలు వరసలుగా తలలు, ముందు వరసలో తల్లి, తండ్రి, కొత్త చీరలో నానమ్మ. ఎవరి ముఖమూ విడిగా కనపడలేదు.

"మిత్రులారా," అంది. "యుక్తవయసులో నిద్ర అత్యంత అవసరం. నిద్ర మెదడుకు విశ్రాంతి. నిద్రపోయేవాడే రేపు మేలుకుంటాడు. కాబట్టి మిత్రులారా, మనం..."

అక్కడ ఆగింది. మైకు కర్రను రెండు చేతులా పట్టుకుంది. నెమ్మదిగా తల దానిమీద ఆనింది. స్పీకర్లలోంచి ఆమె ఊపిరి మైదానమంతా వినిపించింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా పెద్దాయనకే అర్థమైంది. "అద్భుతం," అన్నారు. "మాటలు కాదు, చేతల్లో చూపిస్తోంది." లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వేదికంతా లేచింది. తండ్రి వీడియో తీశాడు. చప్పట్ల మధ్య చిట్టి మోకాళ్లు మడతపడ్డాయి. మైకు కర్రతో సహా పక్కకు ఒరిగి, చెక్కల మీద పడిపోయింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. తల్లి మాత్రం ఆ పడడం చూసి చేతులు ఆపేసింది. కుర్చీలు తోసుకుంటూ, చెప్పులు వదిలేసి, వేదిక మీదికి పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిట్టికి సెలైన్ పెట్టి, తల్లిదండ్రులను తన గదిలో కూర్చోబెట్టింది.

"పిల్లకు నిద్ర లేదు. తిండి లేదు. ఇలా ఎన్నాళ్లనుంచి?"

"రెండు నెలలుగా," అంది తల్లి.

"అంతకుముందు?"

"బాగానే ఉండేదండి. అన్నీ టయానికే."

"మరి ఎందుకు మార్చారు?"

తండ్రి నేల చూపులు చూశాడు. "ఆరోగ్యం కోసమండి."

చిట్టి ఆ మధ్యాహ్నం నుంచి మర్నాటి దాకా పడుకుంది. లేచాక ఆకలేస్తోందంది. తల్లి అన్నం కలిపి నోట్లో పెడుతుంటే గిన్నె ఖాళీ చేసింది. తల్లి ఆ ఫోన్‌నూ పట్టీనీ ఒక సంచీలో వేసి స్కూలుకు తిరిగి పంపేసింది. ఆమె చేసిన పనిని బంధువుల్లో చాలామంది తొందరపాటు అన్నారు.

వారం రోజులకు చిట్టి వరండాలో కూర్చునే స్థితికి వచ్చింది. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల తల్లి ఒకావిడ పండ్ల సంచీతో చూడవచ్చింది. వాళ్లకూ వీళ్లకూ పరిచయం లేదు. చిట్టి చెయ్యి పట్టుకుని చాలాసేపు బాధపడింది. వెళ్లబోతూ, గొంతు తగ్గించింది.

"ఆ దూత పని ఇప్పుడు ఖాళీయేగా అమ్మా? ఎవర్ని కలిస్తే అవుతుంది?"

చిట్టి ఆమె వైపు చూసింది. "ఆంటీ, దానివల్లే నేను పడిపోయాను. మీ అమ్మాయి కూడా ఇలాగే అవుతుంది."

"పర్లేదులేమ్మా," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా. "మా పిల్ల గట్టిది. ఆరోగ్యాన్ని తట్టుకుంటుంది."

మరుసటి సోమవారం ప్రిన్సిపాల్ గారి గది ముందు తల్లిదండ్రుల వరస వీధి మలుపు దాకా వచ్చింది. పిల్లలు నిలబడే నిద్రపోతుంటే పెద్దవాళ్లు మోచేత్తో పొడిచి లేపుతున్నారు. ఆ వరసలో మీకు బాగా తెలిసినవాళ్లూ ఉన్నారు. ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని ఉండడంవల్ల ముఖాలు సరిగా కనపడలేదు, అంతే.