ముహూర్తం వేళ సున్నా వాల్యూమ్

మైకుసెట్టు మొగిలి కడుపు మీద కొట్టినవాడు రాజేశ్వర్ రావే. ఆయన కంప్యూటర్ కోచింగ్ అని బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి కాబట్టి ఆ మాట వరంగల్‌లో ఎవరూ అనరు. మొగిలి ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు కాబట్టి, అతను అన్నా ఎవరూ వినరు.

ఆ పొద్దున మొగిలి చెయ్యాల్సింది చిన్న పని. లక్ష్మీనారాయణ సేటు కొత్త బట్టల దుకాణం తెరుస్తున్నాడు. రెండు హారన్లు కట్టాలి, సన్నాయి క్యాసెట్ వెయ్యాలి, పంతులు మంత్రం అందుకోగానే నాబు తిప్పి సౌండు తగ్గించాలి. సేటు వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఆయన మెచ్చితే సంఘం వారి ఏడాది మైకు కాంట్రాక్టు ఎప్పటిలాగే మొగిలికి దక్కుతుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కాంట్రాక్టుతోనే.

తీరా పోయి చూస్తే బల్ల మీద క్యాసెట్ ప్లేయర్ లేదు. కంప్యూటర్ ఉంది, పక్కన రాజేశ్వర్ రావు ఉన్నాడు.

"ఇయ్యాల సన్నాయి కంప్యూటరే వాయిస్తది మొగిలీ," అన్నాడు సేటు మురిసిపోతూ. ఎనభై ఏడులో ఆ పెట్టెను ఊళ్లో చూసినవాళ్లే తక్కువ.

"మంచిదే సేటూ. నేను నాబు కాడ కూసుంట."

"నాబుతోని పనే లేదు," అన్నాడు రాజేశ్వర్ రావు. "వాల్యూమ్ కంట్రోల్ గూడ ప్రోగ్రామే చూసుకుంటది. సౌండుకు డ్రైవర్ రాసిన."

"డ్రైవర్ను రాసుడేంది సార్? జీతమిచ్చి పెట్టుకుంటరు గని!"

సేటు నవ్వాడు, రాజేశ్వర్ రావు నవ్వలేదు. ఆ డ్రైవర్ మనిషి కాదట, అదీ ఒక ప్రోగ్రామేనట; సౌండు ఎంత రావాలో అంకె నొక్కి చెబితే కంప్యూటర్ అంతే ఇస్తుందట. యాంప్లిఫయర్ నాబును ఫుల్లుకు తిప్పి, ఊడబెరికి, తన జేబులో వేసుకున్నాడు. ఎవరి యాంప్లిఫయర్? ఎవరి నాబు? అడగనైనా అడగలేదు.

ఎనిమిది అంకె మీద పాట బాగానే మోగింది. పంతులు మంత్రం అందుకున్నాడు. రాజేశ్వర్ రావు ఐదు నొక్కాడు. సౌండు పెరిగింది.

"సార్, జర తగ్గించుండ్రి," అన్నాడు సేటు.

"తగ్గించిన గద!" అని ఆయన మూడు నొక్కాడు. ఇంకా పెరిగింది. సేటు తల్లి భద్రమ్మ చెవులు మూసుకుంది.

"ఓరి మొగిలిగా! చెవులు పలుగుతానయిరా!"

నొక్కేవాడు ఒకడు, తిట్లు ఇంకొకడికి!

"ఫికర్ చెయ్యకుండ్రి, సున్నా పెడుతున్న. మొత్తమే బందైతది," అని రాజేశ్వర్ రావు సున్నా నొక్కాడు.

ఆ కంప్యూటర్ సౌండు చిప్పుకు లెక్క తలకిందులు. పదిహేను అంటే నోరు మూత, సున్నా అంటే నిండు గొంతు. కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకంలోనే ఆ సంగతి అచ్చయి ఉంది. ఊరికి పాఠాలు చెప్పే మనిషికి ఆ పేజీ చదివే తీరిక దొరకలేదు, డ్రైవర్ రాసే తీరిక దొరికింది.

హారన్లు గర్జించాయి. రిక్షాలు ఆగిపోయాయి. మొగిలి నాబు కోసం చెయ్యి చాపాడు. రాజేశ్వర్ రావు జేబులోంచి దువ్వెన వచ్చింది, పెన్ను వచ్చింది, నాబు రాలేదు. నాబు లేని ఇనుప పుల్ల వేళ్లకు తిరగలేదు. దాన్ని పట్టి తిప్పడానికి పటకారు కావాలని మొగిలి రెండు వేళ్లు కలిపి విడదీస్తూ సేటుకు సైగ చేశాడు.

సేటుకు అది కత్తెరలా కనిపించింది. ముహూర్తం వచ్చిందని పంతులే చెప్పించాడనుకుని రిబ్బన్ కత్తిరించేశాడు. "ఇంక టైం కాలే!" అని పంతులు గొంతు చించుకుంటే, ఆశీర్వచనమనుకుని సేటు వంగి దండం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టి లోపలికి తోసుకుపోయారు.

వాళ్లతోపాటు మొగిలీ దూరి మెయిన్ ఫ్యూజు పీకేశాడు. సౌండు ఆగింది. ట్యూబులైట్లూ, లక్ష్మీదేవి పటం చుట్టూ వెలిగే బుగ్గ బల్బులూ ఆరిపోయాయి.

"కొత్త దుకాణంల లచ్చిందేవి ముంగట చీకటి చేస్తివి గదరా!" అని భద్రమ్మ నెత్తి కొట్టుకుంది.

"అవ్వా, సౌండు బందు చేద్దామని..."

"సౌండు సార్ది. చీకటి నీది!"

ఇంతలో ఎక్కడ ఏం కొంప మునిగిందోనని అంత దూరాన ఉన్న కొత్తవాడ పేట నుంచి జనం ఉరికొచ్చారు. ఏమీ మునగలేదని తెలిశాక, వచ్చినవాళ్లు ఊరికే పోవడమెందుకని చీరలు చూశారు, కొన్నారు. మధ్యాహ్నానికల్లా అలమరలు సగం ఖాళీ. సాయంత్రం సంఘం కూర్చుని, కంప్యూటర్ పిలిస్తే కొత్తవాడ కదిలొచ్చిందని మైకు కాంట్రాక్టు రాజేశ్వర్ రావుకు ఇచ్చింది.

మొగిలి ఊరుకోలేదు. "సేటూ, సార్ తగ్గించబోతే పెరిగింది. అది తప్పు గదా?"

"పెరిగేది తప్పెట్లయితదిరా? యాపారం జేసెటోన్ని, నాకు చెప్తానవా?"

"అది డిజైన్," అన్నాడు రాజేశ్వర్ రావు, చాయ్ ఊదుకుంటూ.

కాంట్రాక్టు, ఆ గర్జనకు కాలిపోయిన రెండు హారన్ యూనిట్లు కలిపి మొగిలికి ఆ ఒక్క రోజు పోయింది సరిగ్గా రెండు వేల నూట నలభై రూపాయలు. ఫ్యూజు తీగ ఖర్చు మాత్రం సేటే పెట్టుకున్నాడు.