ఒక గొయ్యి ప్రారంభోత్సవం

బుల్లెట్ వాళ్ళమ్మకి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను సూదిలో దారం ఎక్కించి తలెత్తేలోపు పిల్ల వెళ్ళి వీధి మలుపులో ఉన్న గోతిలో పడిపోతుందేమోనని.

పిల్లకి పంతొమ్మిది నెలలు. నడక రాలేదు, నేరుగా పరుగే వచ్చింది. అందుకే వీధివాళ్ళంతా బుల్లెట్ అని పిలుస్తారు. గొయ్యికేమో పదకొండు నెలలు. మంచినీళ్ళ పైపు వేస్తామని ఎవరో వచ్చి రెండు నిలువుల లోతు తవ్వారు. పైపు వేరే వీధికి వెళ్ళిపోయింది. గొయ్యి మాత్రం ఇక్కడే స్థిరపడింది. తండ్రి లారీ మీద వెళ్తే వారానికోసారి ఇంటికొస్తాడు. నాయనమ్మ ఉంది కానీ కుర్చీలో కూర్చుందంటే కునుకు పట్టేస్తుంది. అందుకని తల్లి పాత దుప్పటి చింపి తాడులా పేని, ఒక కొస పిల్ల నడుముకి, ఇంకో కొస కుట్టుమిషను కాలికి కట్టి దిండు గలీబులు కుట్టుకునేది. పిల్ల ఒక్కోసారి మిషనుని కూడా గుమ్మం దాకా లాక్కెళ్ళేది.

అలాంటి రోజుల్లో పేపరు మొదటి పేజీ నిండా ప్రకటన వచ్చింది. రోడ్ల మంత్రిగారు రెండు చేతులూ చాచి నవ్వుతున్నారు. కింద అరచేయంత అక్షరాలు: "నెలాఖరుకల్లా రాష్ట్రంలో గొయ్యి అన్నదే ఉండదు. ఇది నా మాట." మంత్రిగారు మాటిస్తే ఇచ్చినట్టే. పోయిన ఏడాది ఇచ్చిన మాట కూడా ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఎవరూ దాన్ని కదపలేదు.

బుల్లెట్ వాళ్ళమ్మ ఆ ప్రకటనని రెండుసార్లు చదివి, పిల్లని చంకనేసుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి ఇంజనీరుగారు ఎంతో మర్యాదస్తులు. పిల్లకి కుర్చీ వేయించి, తల్లిని నిలబెట్టి మాట్లాడారు.

"గొయ్యి ప్రారంభోత్సవం ఎప్పుడు జరిగిందమ్మా?"

"ప్రారంభోత్సవమా? తవ్వి వదిలేశారండీ."

ఆయన లావుపాటి రిజిస్టరు అటూ ఇటూ తిరగేశారు. "మీ వీధిలో గొయ్యి లేదే!"

"ఉందండీ. నేను రోజూ చూస్తున్నా."

"నువ్వు చూస్తే చాలదమ్మా. ఏ పనైనా ప్రారంభోత్సవం జరిగితేనే రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఎక్కనిదాన్ని మేం పూర్తి చేయకూడదు. రేపు తనిఖీవాళ్ళొచ్చి, లేని గోతిలో మట్టెందుకు పోశావయ్యా అంటే నేనేం చెప్పను?"

"ఈలోపల పిల్ల పడిపోతేనో సార్?"

ఇంజనీరుగారు నొచ్చుకున్నారు. "లేని గోతిలో ఎలా పడుతుందమ్మా? తల్లివై ఉండి అవేం మాటలు!"

ఈ సంగతి మైకన్న చెవిన పడింది. మైకన్న ఆ వీధి పార్టీ కార్యకర్త. ఎదురుగా ఒక్క మనిషే ఉన్నా వెయ్యిమంది ఉన్నట్టే మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు.

"చెల్లెమ్మా! ఈ అన్న బతికుండగా నీ గొయ్యి అనాథ కాదు!"

"గొయ్యి నాది కాదన్నా."

"చూశారా, ఎంత వినయమో! మంత్రిగారినే పిలిపిస్తా. ఆయన చేతులమీదుగా ప్రారంభిస్తాం. తర్వాత వారం రోజుల్లో మూయిస్తాం. సరేనా?"

సరేనంది. ఇంకేం అంటుంది?

నాలుగు రోజుల్లో ఇంజనీరుగారు టేపు పట్టుకుని వచ్చారు. గోతిలోకి తొంగిచూసి పెదవి విరిచారు. "మంత్రిగారి స్థాయికి ఇది చాలదయ్యా. ఫొటోలో గొయ్యిలా కనపడాలా, వద్దా?" అన్నారు. ఆ సాయంత్రానికి మనుషులొచ్చి గోతిని మూడు నిలువులు చేశారు. వెడల్పు కూడా పెంచారు. బుల్లెట్ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, పిల్లని రెండు చేతులతో పట్టుకుని, పైకి వస్తున్న మట్టిని తట్ట తట్టగా లెక్కపెట్టింది.

ప్రారంభోత్సవం మాత్రం అద్భుతంగా జరిగింది. గోతి చుట్టూ ఇనుప కంచె కట్టారు. లైటు పెట్టారు. ఒక పోలీసుని కాపలా ఉంచారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, లోపలికి చూసి, ఒకడుగు వెనక్కి వేశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"ఇంత లోతైన గొయ్యిని గత ప్రభుత్వం ఎప్పుడైనా ఇచ్చిందా?"

"లేదు!" అన్నారు జనం.

"ఇవ్వగలదా?"

"ఇవ్వలేదు!"

"మేం ఇచ్చాం. మేమే మూస్తాం. ఇవ్వడం తెలిసినవాడికే తీసుకోవడం తెలుస్తుంది!"

చప్పట్లు ఆగలేదు. బుల్లెట్ కూడా కొట్టింది.

నిజం చెప్పాలంటే ఆ తర్వాతి పది రోజులు బుల్లెట్ వాళ్ళమ్మ జీవితంలోకెల్లా హాయైన రోజులు. పిల్ల నడుముకి తాడు విప్పేసింది. పిల్ల దూసుకెళ్ళేది, కంచెకి ఢీకొని చతికిలబడేది, నవ్వేది, అంతే జోరుగా వెనక్కి వచ్చేది. పోలీసాయన "ఇరవై మూడు" అని లెక్క చెప్పేవాడు.

"ఏమే, ఆ గోతికున్న కాపలా మనింటికి లేదు. చాపలు తీసుకుని ఆ కంచెలోకే పోదామా?" అంది అత్తగారు.

నెలాఖరు దగ్గరపడింది. ఇంజనీరుగారు ఫైలుతో ఇంటికే వచ్చారు. అంత పెద్దమనిషి గుమ్మంలో చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చారు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. గొయ్యి పూర్తిగా మూసివేయబడింది, నేను కళ్ళారా చూశాను, అని."

"ఇంకా మూయలేదు కదండీ?"

"మట్టి పోయడం వేరే శాఖమ్మా. మా శాఖ పని అయిపోయిందని కాగితం వెళ్తేనే వాళ్ళు బండి కదుపుతారు."

"మరి వాళ్ళొచ్చేదాకా కంచె ఉంటుందా?"

"గొయ్యి లేనిచోట కంచె ఎందుకుంటుంది?"

"పోనీ సంతకం పెట్టకపోతే?"

"కంచెకి అనుమతి నెలాఖరు దాకానే. ఎల్లుండి తీసేస్తారు. అప్పుడు గొయ్యీ ఉంటుంది, మట్టి బండీ రాదు. నీ ఇష్టం. బలవంతం లేదు."

ఆమె కాసేపు పెన్ను వైపు, కాసేపు పిల్ల వైపు చూసింది. మట్టి బండి వస్తుందన్న మాటే పట్టుకుని సంతకం పెట్టింది.

ఆ సంతకంతో రాష్ట్రంలో చివరి గొయ్యి మాయమైంది. సాయంత్రం మైకన్న కేకలు వేస్తూ వచ్చాడు. "చెల్లెమ్మా! రేపు రాజధానిలో 'గోతులు లేని రాష్ట్రం' సభ! నీకు అవార్డు! 'నిశ్చింత మాత'! రాష్ట్రం మొత్తం మీద నిన్నొక్కదాన్నే ఎంపిక చేశారు!"

"పిల్లని తీసుకురావచ్చా అన్నా?"

"పిల్ల చేతిలో ఉంటే నీ మొహంలో నిశ్చింత ఎక్కడ కనపడుతుంది? మీ అత్తగారు ఉన్నారుగా!"

"ఆమె కునుకు..."

"పెద్దవాళ్ళు కళ్ళు మూసుకునే అన్నీ చూస్తారు చెల్లెమ్మా!"

పొద్దున్నే మైకన్న బస్సు తీసుకొచ్చాడు. తల్లి పిల్లకి పసుపుపచ్చ గౌను తొడిగి, తాడు తీసి మళ్ళీ నడుముకి కట్టి, రెండో కొస అత్తగారి చేతిలో పెట్టి మూడుసార్లు చెప్పింది. అత్తగారు "వెళ్ళవే, నేను నలుగురిని పెంచాను" అంది. బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసింది. మనుషులు కంచె ఊడదీసి లారీకెక్కిస్తున్నారు. పోలీసాయన కూడా లారీ ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కడికన్నా అది?"

"సభకే! జనం తోసుకొస్తే మంత్రిగారు వేదిక మీంచి పడిపోరూ? నాలుగడుగుల ఎత్తుంది!"

"నన్ను దింపేయన్నా. నాకు అవార్డు వద్దు."

"అలా ఎలా చెల్లెమ్మా? నీ పేరు కార్డులో అచ్చయింది!"

సభ దగ్గర భద్రత కోసమని ఫోన్లు తీసేసుకున్నారు. హాలు తలుపులు మూసేశారు. మంత్రిగారి ప్రసంగం అయ్యేదాకా తెరవరట. ఆమెను వేదిక ఎక్కించి మెడలో పతకం వేశారు. మంత్రిగారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, తండ్రిలా అడిగారు.

"చెప్పమ్మా, ఇప్పుడు నీకేమైనా భయం ఉందా?"

"అయ్యా, మట్టి బండి రాలేదండీ. కంచె ఇక్కడికి తెచ్చేశారండీ. మా ఇంటికి ఒక్క ఫోను..."

మైకన్న మైకు కట్టేశాడు. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. "చూశారా! ఆనందంతో ఆ తల్లికి మాట బయటికి రావడం లేదు!" చప్పట్లు మోగాయి. ఆమెను ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. మంత్రిగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఇప్పటికి మూడో గంట నడుస్తోంది. ఇంకా రోడ్లే అయ్యాయి, ఇప్పుడే వంతెనల దగ్గరికి వచ్చారు.

ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఆ వీధికి దగ్గర్లో ఉంటే, ఒక్కసారి వెళ్ళి చూసి రండి. పాలదుకాణం దాటాక ఎడమచేతి వైపు మూడో ఇల్లు, నీలం తలుపు. ముందు తలుపు వేసుందో లేదో చూడండి. ముసలావిడ నిద్రపోతుంటే లేపండి, ఏమీ అనుకోదు. పిల్ల బయట కనపడితే మాత్రం దూరం నుంచి కేకేయకండి. ఎవరైనా పిలిస్తే అది ఇంకా జోరుగా పరిగెడుతుంది. చప్పుడు చేయకుండా, గొయ్యి ఉన్న వైపు నుంచి వెళ్ళి ఎత్తుకోండి.