ఇంట్లో ఉన్నది ఒక్కరే

ఎనభై ఎనిమిది వేసవిలో, ఒక ఆదివారం పొద్దున పర్వతాలు సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, మంచాన్ని గోడ నీడలోకి జరుపుకుని, చేతిలోని పుస్తకం ముగించాలి. షాద్‌నగర్‌కు బస్సులో ముప్పావు గంట దూరంలోని ఆ ఊళ్లో గ్రంథాలయం ఆయనే చూసుకునేవాడు. రోజుకు ఇద్దరు వస్తే ఎక్కువ; ఆ ఇద్దరూ ఫ్యాను కోసం వచ్చినవాళ్లే. అట్ట ఊడిపోయిన తత్త్వశాస్త్ర గ్రంథం ఒకటి ఆయనకు బీరువా అడుగున దొరికింది. మన మనసొక్కటే నిజమనీ, బయట లోకం ఉందనడానికి రుజువేమీ లేదనీ అందులో రాసి ఉంది. ఎనిమిదేళ్లుగా ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్న మనిషికి ఆ మాట మీద ఇట్టే నమ్మకం కుదిరింది.

"కొత్త రేషన్ కార్డులు రాసెటోళ్లొస్తరు. ముగ్గురం ఉన్నమని రాయించు, మర్చిపోకు," అని చెప్పి భార్య నిర్మలమ్మ జొన్నలగంప ఎత్తుకుని పిండి గిర్నికి వెళ్లింది.

కాసేపటికి పేర్లు రాసుకునే హమీద్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "సార్, ఇంట్ల ఎంతమంది?"

"ఒక్కన్నే," అన్నాడు పర్వతాలు.

హమీద్ గడపలో చింతపండు ఒలుస్తున్న ముసలమ్మను చూశాడు. "మరి అవ్వ?"

"మా అమ్మనే. కాని ఆమె ఉన్నదనేటందుకు రుజువు లేదు."

"నేను లేకుంటె నిన్నెవరు కన్నర్రా?" అంది ఉప్పలమ్మ, తల ఎత్తకుండానే.

జవాబు కోసం పర్వతాలు రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. దొరకలేదు.

"నిర్మలమ్మ?" అడిగాడు హమీద్.

"లేదు."

"గిర్నికి పోయిందా?"

"గిర్ని గూడ లేదు."

హమీద్ అప్పటికి నలభై ఇళ్లు తిరిగాడు. వాదించే ఓపిక లేక 'ఒకరు' అని రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

గిర్ని ఎదుట చాయ్ తాగుతూ, సారు పెళ్లాం పేరు రాయించలేదని ఎవరితోనో అన్నాడు. ఆ మాట రోడ్డు దాటేసరికి పెరిగింది. "నీ పేరు తీసేయించిండంటనే! ఇంకొకామె కోసం జాగ పెడుతుండేమో," అంది గిర్నిలో ఉన్న బిక్షమ్మ.

నిర్మలమ్మ పిండి అక్కడే వదిలి ఇంటికొచ్చింది. "నేను లేనా?"

"జర ఇను. నువ్వొక్కదానివే కాదు..."

"ఎవరామె?"

"ఎవ్వరు లేరు! గదే చెప్తున్న!"

"దొరికినోళ్లందరు గట్లనే అంటరు. పదహారేండ్లు నీకు బువ్వ పెట్టిన చెయ్యి ఎవరిది?"

"అది గూడ నాకు తోచిందే," అన్నాడు పర్వతాలు. ఆమెను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

నిర్మలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క వీధిలో ఉన్న హమీద్ దగ్గరికి నడిచింది. "రాస్కో భాయ్. నేను, మా అత్త. ఆయనకు మేం లేమంట. మాకు ఆయనెందుకుంటడు? కొట్టెయ్."

హమీద్ కొట్టేశాడు.

నెల తర్వాత కార్డు వచ్చింది. రెండే పేర్లు, ఇంటిపెద్ద నిర్మలమ్మ. పర్వతాలు మొదట నవ్వాడు. తర్వాత కార్డును వెలుతురుకు పట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. చొక్కా తొడుక్కుని రేషన్ ఆఫీసుకు పరుగెత్తాడు.

గుమాస్తా రఘుపతి రిజిస్టరంతా వెతికాడు. "మీరు లేరు సారూ."

"మీ ముంగట నిలవడ్డ కదా!"

"నాకు కనబడుతుండ్రు. రిజిస్టర్‌కు కనబడాలె గద?"

పర్వతాలు బల్ల గుద్దాడు. బల్ల గట్టిగానే ఉంది, చెయ్యి వాచింది. ఈ ఊరున్నదనీ, ఇందులో తనకొక ఇల్లున్నదనీ, ఆ ఇంట్లో మనుషులున్నారనీ గంటసేపు మొత్తుకున్నాడు. రఘుపతి చల్లగా, "అయితె వాళ్లల్ల ఒకరిని పిలుచుకరాండ్రి," అన్నాడు.

నిర్మలమ్మ వచ్చింది. ఈయన మీ ఇంటి మనిషేనా అని రఘుపతి అడిగాడు. "ముందుగాల నేనున్ననో లేనో ఆయన్ను అడుగుండ్రి."

పర్వతాలు రఘుపతి వైపు తిరిగాడు. "ఉన్నది. నేనున్నా లేకున్నా ఆమె ఉన్నది."

నిర్మలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని సంతకం పెట్టింది.

కొత్త పేరు చేర్చడానికి ఫారంలో రెండే కారణాలున్నాయి: పెండ్లి, పుట్టుక. "పెండ్లి అని రాయమంటవా అమ్మా?" అడిగాడు రఘుపతి.

"వద్దు సారూ. అది మళ్ల ఆలోచించి చెప్త."

రఘుపతి రెండోదాని దగ్గర టిక్కు పెట్టాడు. ఆ నెల నుంచి పర్వతాలుకు పసిపిల్లల లెక్కన సగం చక్కెర ఇస్తున్నారు.